కస్మియాతి రెండోసారి గుచ్చిన రోజు

జావా దీవిలో, సెమరాంగ్ ఎగువ పట్నంలోని పిల్లల ఆసుపత్రిలో కస్మియాతిని చూసి ఏడవని పిల్లలు రెండే రకాలు: నిద్రపోతున్నవాళ్ళు, ఆమెను ఇదివరకే ఎరిగినవాళ్ళు. కొత్తవాళ్ళు మాత్రం ఆ నిండైన ఆకారం, చేతిలో సూదుల పళ్ళెం చూసి ముందే రాగం అందుకుంటారు. ఆమె నవ్విందంటే మొదట భుజాలు కదులుతాయి, తర్వాత పొట్ట, ఆ పైన కాళ్ళకున్న రబ్బరు చెప్పులు కూడా కిచకిచమంటాయి. ఆ కిచకిచకి పిల్ల ఏడుపు ఆపి కిందికి చూస్తుంది. చూసిన ఆ ఒక్క క్షణంలో సూది లోపలికెళ్ళి, నెత్తురు గొట్టంలోకొచ్చి, దూది పెట్టడం కూడా అయిపోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. ఇన్నేళ్ళలో ఒకే పిల్లను ఒకే రోజు రెండుసార్లు గుచ్చలేదని ఆమెకు మహా గర్వం. అందరూ బు కస్మీ, అంటే కస్మీ అమ్మ, అని పిలిచే ఆమె ఆ మాట కొత్తగా చేరిన నర్సులకు మొదటిరోజే చెప్తుంది, మర్చిపోతారేమోనని మూడోరోజు మళ్ళీ చెప్తుంది.

గుచ్చేముందు ఆమెకో పద్ధతుంది. చేతిలో ఎంత పెద్ద చీటీ ఉన్నా సరే, పిల్లను చూసి, "నీ పేరేంటి బంగారూ?" అని అడుగుతుంది. పిల్ల తన నోటితో చెప్పాలి. ఆ పేరును గొట్టం మీద పిల్ల కళ్ళముందే రాస్తుంది. మాటలు రాని పసివాళ్ళయితే తల్లి చెప్పాలి. ఒకప్పుడు ఇద్దరు పిల్లల గొట్టాలు తారుమారై పెద్ద గొడవ జరిగింది, అప్పట్నుంచి ఈ పద్ధతి. ఎవరెంత తొందరపెట్టినా ఆమె వినదు.

ఆ ఏడాది కస్మియాతికి ముద్దొచ్చిన పిల్ల ఒకతె ఉంది. నాలుగేళ్ళు, పదమూడు కిలోలు, పేరు మాత్రం భువన చక్రవతి మహారాణి. గొట్టం మీద అతికించే చీటీలో ఆ పేరు పట్టదు. మహారాణి దాకా వచ్చేసరికి రాణి కింద పడిపోయేది, మహా ఒక్కటే మిగిలేది. పుట్టుకతోనే పైత్యనాళాలు మూసుకుపోయి, పసుపు ముద్దలా ఉన్న ఆ పిల్లకు పన్నెండు వారాల కిందట తల్లి రెత్నో తన కాలేయంలోంచి ముక్క కోసి ఇచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరికీ పొట్టమీద కుట్లే. సుంబింగ్ కొండవాలు మీద పొగాకు తోట ఉంది, కోత రోజులు కాబట్టి తండ్రి సుగెంగ్ అక్కడే ఉన్నాడు. ఇక్కడ ఆసుపత్రి వెనక సందులో ఒక్క గది అద్దెకు తీసుకుని తల్లీ పిల్లా ఉంటున్నారు, వారంవారం నెత్తురు ఇచ్చిపోతున్నారు.

నెత్తురెందుకో వార్డులో ఊడ్చే ఆవిడకి కూడా తెలుసు. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు. బయటి సరుకు ఏదొచ్చినా పట్టుకుని చితకబాదడం వాళ్ళ ఉద్యోగం. తల్లి ఇచ్చిన కాలేయమే అయినా వాళ్ళకది బయటి సరుకే, అంత ప్రేమ వాళ్ళకు అర్థం కాదు. అందుకని మందులిచ్చి వాళ్ళను జోకొట్టి ఉంచాలి. మరీ జోకొడితే దారిన పోయే ప్రతి జలుబూ లోపలికొచ్చి కూర్చుంటుంది. తక్కువ జోకొడితే లేచి కాలేయాన్ని కొడతారు. అందుకని ల్యాబ్‌లో డాక్టర్ సింబొలొన్ వారంవారం ఆ కాపలావాళ్ళను లెక్కపెడుతుంది. కొట్టేవాళ్ళు ఎందరు, సర్దిచెప్పేవాళ్ళు ఎందరు అని విడదీసి, ఒక్కో వారానికి ఒక్కో చుక్క పెట్టి, చుక్కలు కలిపి గీత గీస్తుంది. భువన గీత మీద పదకొండు చుక్కలున్నాయి. పోయినవారం పదకొండోది పైకి లేచింది. కొట్టేవాళ్ళు ఐదువందల ఎనభై.

పిల్లల కాలేయం డాక్టరు బొందాన్ మెత్తటి మనిషి, చెడ్డమాట కూడా బిస్కెట్ ఇస్తున్నట్టు చెప్తాడు. "ఈ మంగళవారం చుక్క కిందికి దిగితే మందు కాస్త తగ్గించి ఇంటికి పంపేస్తానమ్మా" అన్నాడు రెత్నోతో. "దిగకపోతే మత్తిచ్చి, కాలేయంలోంచి చిన్న ముక్క తీసి చూడాలి. ఆ తర్వాత స్టెరాయిడ్లు. ఇంకో రెండు నెలలు ఇక్కడే ఉండాల్సొస్తుంది."

రెత్నో ఆ రాత్రి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. ఆమెకు కావలసింది ఒకటే, పిల్లను మళ్ళీ ఆ బల్ల మీద పడుకోబెట్టకుండా ఇంటికి తీసుకుపోవడం. కస్మియాతికీ అదే కావాలి. తన పిల్ల కాదు, తన కాలేయం కాదు, అయినా ఆమె కూడా మంగళవారానికి రోజులు లెక్కపెడుతోంది.

ఆదివారం పొద్దున కొండమీది నుంచి సకిరా అవ్వ దిగింది. సుగెంగ్ తల్లి. ఒక గంప నిండా తాటిబెల్లం, బియ్యప్పిండి, కొబ్బరికాయలు తెచ్చింది, వాటితోపాటు ఒక అభిప్రాయం కూడా మోసుకొచ్చింది. పిల్లకు పేరు బరువైందని ఆవిడ అభిప్రాయం. అంత చిన్న ఒంటి మీద భూమినీ ఆకాశాన్నీ సింహాసనాన్నీ ఎక్కిస్తే ఏ కాలేయం తట్టుకుంటుంది? పేరు మోయలేక పిల్లలు నలగడం జావాలో కొత్తేం కాదు, పేరు మార్చగానే లేచి తిరగడమూ కొత్తేం కాదు. కస్మియాతికి కూడా చిన్నప్పుడు విషజ్వరం వస్తే ఎందాంగ్ మూర్తినింగ్రుం అన్న పేరు తీసేసి కస్మియాతి చేశారు. అప్పట్నుంచి ఆవిడకి తుమ్ము కూడా రాలేదు.

"నేను తొమ్మిది నెలలు ఆలోచించి పెట్టుకున్న పేరు అత్తా" అంది రెత్నో.

"నువ్వు తొమ్మిది నెలలు ఆలోచించావు, అది నాలుగేళ్ళు మోసింది. ఇంక దింపు."

"డాక్టర్లు చూస్తున్నారుగా."

"వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు, నా పని నేను చేస్తున్నా. నీ పొట్ట కోసినప్పుడు నేను అడ్డమొచ్చానా?"

 ఆ సాయంత్రమే అద్దె గదిలో తెల్ల జావ, బెల్లం వేసిన ఎర్ర జావ కాచి, సందులో వాళ్ళందరినీ చాప మీద కూర్చోబెట్టి, పిల్ల చెవిలో మూడుసార్లు కొత్త పేరు చెప్పారు. జావావాళ్ళ ఐదురోజుల సంతవారంలో లెగి అనే రోజున పుట్టింది కాబట్టి లెగినా. తీపి అని అర్థం. పల్లెల్లో పాలమ్మే ముసలావిడలకుండే పేరు. పిల్లకు మాత్రం తెగ నచ్చేసింది, గది నిండా గంతులేస్తూ తన పేరు తనే పిలుచుకుంది. రెత్నో గోడకానుకుని కూర్చుంది, ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు.

ఆచారంలో ఇంకో ముక్క ఉంది. పంపేసిన పేరును మళ్ళీ ఎవరూ నోటితో పిలవకూడదు. పిలిస్తే దాన్ని పట్టుకుని వేలాడుతున్న జబ్బు కూడా పలుకుతుంది. సకిరా అవ్వ ఈ విషయంలో ఏ సందూ వదిలే మనిషి కాదు. ఊరి పెద్ద దగ్గర ఈ పిల్ల ఇకమీదట లెగినా అని ముందే ఉత్తరం రాయించుకొచ్చింది. సోమవారం పొద్దున్నే ఆసుపత్రి చీటీల కిటికీ దగ్గర ఆ ఉత్తరం పెట్టి, "కొత్త పేరుకి కొత్త కార్డివ్వండి నాయనా, పాతది మాకొద్దు" అంది. కిటికీ వెనకున్న కుర్రాడు జావావాడే, రెండో మాట అడగలేదు. లెగినా, నాలుగేళ్ళు, మొదటిసారి వచ్చిన రోగి, కొత్త నంబరు. పుట్టిన తేదీ అడిగితే అవ్వ సంతరోజు చెప్పింది, అతను క్యాలెండర్ చూసి సుమారుగా ఒకటి వేసుకున్నాడు.

మంగళవారం ఏడింటికి నెత్తురు గది ముందు సకిరా అవ్వ చంకలో పిల్ల, చేతిలో ఆ పొద్దున మళ్ళీ కాచిన జావ గిన్నెతో నిలబడింది. ఏడవని పిల్లల్లో ఇదొకతె.

"నీ పేరేంటి బంగారూ?" అంది కస్మియాతి, పద్ధతి ప్రకారం.

"లెగినా."

కస్మియాతి కలం ఆగింది. అవ్వ వైపు చూసింది. అవ్వ తలూపింది. చాప మీద కూర్చోకపోయినా కస్మియాతికి సంగతంతా ఒక్క క్షణంలో అర్థమైంది.

"నిన్నేనా మార్చారు?"

"మొన్న. ఇదిగో కార్డు. ఇదిగో జావ, నీ వాటా."

"ఎంత తేలికైన పేరు పెట్టావే అవ్వా. చీటీలో పట్టి ఇంకా చోటు మిగిలింది."

"ఇంకేం, రాయి."

రాయకూడదని కస్మియాతికి తెలుసు. వారంవారం వచ్చే పిల్ల ఒక్కసారిగా కొత్త నంబరుతో వస్తే ముందు ల్యాబ్‌కి చెప్పాలని ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం ఆమె చెవిలో చెప్తూనే ఉంది. కానీ ఇంకో చెవిలో పాత పేరు రాస్తే పిల్లకు మంచిది కాదని ఎందాంగ్ మూర్తినింగ్రుం చెప్తోంది. పైగా పిల్ల తన నోటితో చెప్పింది, కార్డు మీద అదే ఉంది, ఇంక తప్పేముంది? రాసేసింది. చెప్పులు కిచకిచమన్నాయి, పిల్ల కిందికి చూసింది, సూది పని అయిపోయింది. కస్మియాతి ఎర్ర జావ రెండు ఆకుల్లో, తెల్ల జావ ఒక ఆకులో తిని, ఆ పూట మిగతా పిల్లల్ని ఈల వేస్తూ గుచ్చింది.

పదిన్నరకి వార్డులో ఫోను మోగింది. తీసింది నర్సు ప్రిహతిన్. అవతల నుంచి డాక్టర్ సింబొలొన్. ఈవిడది సుమత్రాలో తోబా సరస్సు ఒడ్డు. అక్కడివాళ్ళు మామూలుగా మాట్లాడినా సెమరాంగ్‌లో దెబ్బలాటకొచ్చారనుకుంటారు.

"లెగినా అని ఒక పిల్ల. కొత్త కేసు. నాలుగేళ్ళ పిల్లకి కొట్టే కాపలా కణాలు వెయ్యికి పైన ఉండాలి, దీనికి మూడువందల పది. ఎవరా పిల్ల? ఎక్కడుంది? ఎవరూ దగ్గరికి రాకుండా విడిగా ఒక గదిలో పెట్టండి. మూతికి గుడ్డ కట్టండి. ఇప్పుడే."

 ప్రిహతిన్ ఫోను పెట్టేసి వరండాలోకి పరుగెత్తి అవ్వకీ పిల్లకీ మూతులకు గుడ్డలు కట్టేసింది. సకిరా అవ్వకు జరిగిందేమిటో అర్థం కాలేదు, అర్థమైనంత మేరకు గుండె జారిపోయింది.

"కొత్త పేరు పెట్టి రెండురోజులైనా కాలేదు కదే, అప్పుడే దీనికీ జబ్బంటుకుందా?"

అప్పుడే అటుగా వచ్చిన కస్మియాతి, "ఎంతన్నారు?" అని అడిగింది.

"మూడువందల పదంట. ఒంట్లో కాపలావాళ్ళే లేరంట."

మూడువందల పది. ఎవరికో తెలియని పిల్లకైతే అది గుండె ఆగే అంకె. కాలేయం మార్చిన పిల్లకైతే పండగ. ఐదువందల ఎనభై నుంచి మూడువందల పదికి దిగారు. మందు వేసి జోకొట్టింది అందుకే కదా. చుక్క కిందికొచ్చింది, పిల్ల ఇంటికి పోతుంది. కస్మియాతికి కాళ్ళు నేల మీద ఆనలేదు. అవ్వ రెండు చేతులూ పట్టుకుని గిరగిరా ఒక చుట్టు తిప్పేసింది. మూతికి గుడ్డలున్న అవ్వ, యూనిఫాంలో ఉన్న కస్మియాతి, కింద కిచకిచమనే చెప్పులు, మధ్యలో పిల్ల చప్పట్లు. వరండాలో ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు ఏదో మంచి జరిగిందనుకుని వాళ్ళూ నవ్వారు.

"పిచ్చెక్కిందా నీకు? జబ్బంటుంటే గంతులేంటి?" అంది అవ్వ.

"జబ్బు కాదే, మందు పనిచేస్తోంది. ఆ అంకె మనకి మంచిదే."

ఇంతలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి డాక్టర్ బొందాన్ గది నుంచి. భువన చక్రవతి మహారాణి నెత్తురు ఇంకా రాలేదు, పిల్ల ఎక్కడ అని అడిగారు. ప్రిహతిన్ కూడా పొద్దున్నే ఎర్ర జావ తిన్న మనిషి. పంపేసిన పేరు నోటితో పలకకూడదు. కాస్త ఆలోచించి, అబద్ధం కూడా ఆడకుండా, "ఆ పేరుతో ఇప్పుడిక్కడ ఎవరూ లేరండి" అంది.

అవతల ఎవరితోనో హడావుడిగా మాట్లాడుకున్నారు. తర్వాత ఏదో చెప్పి పెట్టేశారు. ప్రిహతిన్ వచ్చి చెప్పింది: "పిల్లను తీసుకుని పారిపోయారనుకుంటున్నారు బు కస్మీ. పోయినవారం పెరిగిందిగా, ఇంక చుక్క కోసం ఎదురుచూడరట. మనుషుల్ని పంపించి వెతికించి, రేపు పొద్దున్నే మత్తిచ్చి ముక్క తీయిస్తారట. ఆపరేషన్ థియేటర్ జాబితా నాలుగింటికి మూసేస్తారు."

కస్మియాతి నవ్వు భుజాల దగ్గరే ఆగిపోయింది. అద్దె గది నుంచి వచ్చి అక్కడే అరుగు మీద కూర్చున్న రెత్నో ఇదంతా వింది.  పిల్లను ఒడిలోకి లాక్కుని, కుట్టు ఉన్న చోట చెయ్యి పెట్టుకుంది, తనదో పిల్లదో తెలియనట్టు. కస్మియాతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఇదంతా లేదు. జావ తిన్న నోటితోనే ల్యాబ్‌కి వెళ్ళి ఒప్పుకోవాలి.

వెళ్ళి ఒప్పుకుంది. డాక్టర్ సింబొలొన్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏంటీ, పేరు మార్చేశారా? ఆదివారం ఒక పేరు, మంగళవారం ఒక పేరా? మా ఊళ్ళో ఇంటిపేరు మారుస్తానంటే తాతముత్తాతలు సమాధుల్లోంచి లేచొచ్చి తంతారు."

"మా జావావాళ్ళకి ఇంటిపేర్లే లేవు డాక్టరమ్మా. అందుకే మా తాతలు ప్రశాంతంగా పడుకున్నారు."

"నవ్వించకు, నాకు కోపంగా ఉంది."

"కోపం నా మీదే చూపించండి. చుక్క మాత్రం ఆ గీత మీద పెట్టండి. ఆ పిల్లే ఈ పిల్ల. నా చేత్తో నేనే తీశాను."

సింబొలొన్ కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గింది, అయినా పక్కగదిలోకి వినపడేంతే ఉంది. "నువ్వు చెప్పింది నేను నమ్ముతాను. నేను నమ్మానని చుక్క పెట్టలేను. పేరు వేరు, నంబరు వేరు, తేదీ వేరు. రేపు ఇంకో మనిషి వచ్చి ఇదే మాట చెప్తే, ఆ గొట్టంలో ఇంకో పిల్ల నెత్తురుంటే? ఈ పద్ధతి నువ్వే కదా నా ల్యాబ్‌కి నేర్పింది. మళ్ళీ తియ్యి. పాత పేరు, పాత నంబరు. పిల్ల తన నోటితో చెప్పాలి. పన్నెండున్నరలోపు తెస్తే మూడున్నరకి లెక్క ఇస్తా. బొందాన్‌కి నేను ఫోన్ చేస్తా, పిల్ల దొరికిందని."

మళ్ళీ తియ్యడమంటే రెండో పోటు. ఇరవై తొమ్మిదేళ్ళ గర్వం ఒక్క గొట్టం కింద నలిగిపోయింది. దానికి కూడా ఆమె పెద్దగా ఏడవలేదు. ఆమె భయం వేరే ఉంది. పాత పేరును పిలవాలి, పిల్ల దానికి పలకాలి.

నెత్తురు గదిలో తలుపు వేసి కస్మియాతి సంగతి చెప్పింది. సకిరా అవ్వ గుడ్డ లాగేసి, "వల్లకాదు" అంది. "పంపించేసిన దాన్ని గుమ్మంలోకి పిలుస్తారా ఎవరన్నా? పిలిస్తే వస్తుంది. నా మనవరాలు ఎంత కష్టపడి దించుకుందో."

రెత్నో అప్పటిదాకా అణచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "నేను పెట్టిన పేరు దయ్యమా అత్తా? అది కడుపులో ఉన్నప్పుడు రోజూ పిలిచాను ఆ పేరుతో. నా పొట్ట కోసేటప్పుడు మత్తులోకి పోతూ కూడా అదే పేరు పిలిచాను. ఆ పేరు దానికి జబ్బు తేలేదు. నేను తెచ్చానంటే నా మొహం మీదే అనండి, పేరుని అనకండి."

"నేనెక్కడన్నానే నువ్వు తెచ్చావని? ముక్క కోసిచ్చినదానివి, నిన్నంటానా?"

"మరి ఇంకేమంటున్నట్టు?"

"పేరు బరువంటున్నా. నీకు ప్రేమెక్కువై ఎక్కువ బరువు పెట్టావు. ఎవరికైనా జరిగేదే."

ఇద్దరూ ఏడుస్తున్నారు, ఇద్దరూ ఒకరి ముక్కు మరొకరి గుడ్డతో తుడుస్తున్నారు. కస్మియాతి సూది పట్టుకుని మధ్యలో నిలబడి ఎటు చూడాలో తెలియక గడియారం చూసింది. పన్నెండు దాటి పది నిమిషాలు.

కుర్చీలో కాళ్ళు ఊపుతూ కూర్చున్న పిల్ల అందరినీ చూసి, కుడిచెయ్యి చాచింది.

"ఆ పెద్ద పేరుకి గుచ్చు" అంది.

"ఏమన్నావు బంగారూ?"

"లెగినాకి పొద్దున గుచ్చేశావు. ఇంక గుచ్చకు. ఆ పెద్ద పేరుకి గుచ్చు. దానికి ఎప్పుడూ గుచ్చుతారుగా, దానికి అలవాటే."

 కస్మియాతి మోకాళ్ళ మీద కూర్చుంది. పద్ధతి ప్రకారం అడగాలి కాబట్టి అడిగింది. "అయితే ఆ పెద్ద పేరేంటో చెప్పమ్మా. రాసుకోవాలి."

పిల్ల ఊపిరి పీల్చుకుని, పాఠం అప్పజెప్పినట్టు, "భువన చక్రవతి మహారాణి" అని గట్టిగా చెప్పింది. సకిరా అవ్వ చెవులు మూసుకుంది, వేళ్ళ మధ్య సందు మాత్రం ఉంచుకుంది. పైకప్పు కూలలేదు. పిల్లకు అక్కడితో ఊపొచ్చి, మళ్ళీ చెప్పింది, మూడోసారి పాటలా పాడింది, "దానికే గుచ్చు, దానికే గుచ్చు" అని చివర కలిపింది.

కస్మియాతికి నవ్వాగలేదు. భుజాలు, పొట్ట, చెప్పులు, అన్నీ. నవ్వుతూ గుచ్చడం ఆమెకు కొత్తేమీ కాదు, కళ్ళు మసకేసి గుచ్చడమే కొత్త. పొద్దున గుచ్చిన ఎడమచేతి నరం తప్ప పిల్లకు మంచి నరం ఇంకోటి లేదని ఆమెకు తెలుసు. కుడిచేతి మీద రబ్బరు పట్టీ కట్టి, వేలితో తడిమి, ఎక్కడో లోతున దారంలా తగిలిన దాన్ని పట్టుకుని, ఒక్క పోటుకే తెచ్చింది. గొట్టం మీద పేరు రాస్తే మహా దగ్గర చీటీ అయిపోయింది. చీటీ పక్కకు తిప్పి రాణి కూడా రాసింది, ఈసారి దేన్నీ వదిలేది లేదు.

మూడున్నర దాకా వాళ్ళ ముగ్గురినీ కదిలించే శక్తి ఎవరికీ లేకపోయింది. అవ్వ కొంగులో కొబ్బరి ముక్కలు నములుతూ కూర్చుంది, రెత్నో పిల్ల జుట్టు దువ్వి, విప్పి, మళ్ళీ దువ్వింది. కస్మియాతి పని వేళ అయిపోయినా ఇంటికి పోలేదు. ఏ తలుపు కదిలినా ముగ్గురూ ఒకేసారి లేచారు. ఒకసారి టీ తెచ్చినతన్ని చూసి కూడా లేచారు.

మూడూ నలభైకి డాక్టర్ సింబొలొన్ తనే వచ్చింది, పక్కన డాక్టర్ బొందాన్. ఆవిడ చేతిలో రెండు కాగితాలున్నాయి. అరుగు మీద వాటిని పక్కపక్కనే పరిచింది. లెగినాకి మూడువందల పది, మహారాణికి మూడువందల ఆరు. సర్దిచెప్పేవాళ్ళు రెండింట్లోనూ పెరిగారు, కాలేయం పరీక్షలు రెండింట్లోనూ దిగాయి.

"పొద్దున్నుంచి మధ్యాహ్నానికి నలుగురు తగ్గారు" అంది సింబొలొన్. "ఇంతకంటే ఒకేలా నేను జన్మలో చూడలేదు. ఒకే నెత్తురని ఇప్పుడు నేను రాసిస్తాను. పొద్దున్న నా ఫోనుకి భయపడినవాళ్ళందరికీ సారీ."

బొందాన్ బిస్కెట్ ఇచ్చే గొంతుతోనే, "థియేటర్ జాబితాలోంచి తీసేశానమ్మా. మందు పావు వంతు తగ్గిస్తున్నాను. గురువారం ఇంటికెళ్ళండి. నెలకోసారి రండి చాలు" అన్నాడు.

సకిరా అవ్వ అక్కడికక్కడే నేల మీద కూర్చుండిపోయింది, ప్రిహతిన్ పట్టుకుంటే ఆమెను కూడా లాగి కూర్చోబెట్టుకుంది. కస్మియాతి డాక్టర్ సింబొలొన్ చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది. తోబా సరస్సు ఆవిడ వద్దు వద్దంటూనే రెండు చుట్లు తిరిగింది.

"ఇంకో పనుంది" అంది సింబొలొన్, ఆయాసపడుతూ. "రెండు కార్డులు ఒకటి చేయాలి. ఒక మనిషికి ఒకే పేరుండాలి. ఏది ఉంచాలో తల్లి సంతకం పెట్టాలి." ఆవిడ కాగితం రెత్నో చేతిలో పెట్టింది. రెండు పేర్లూ అచ్చయి ఉన్నాయి, ఆవిడ మాత్రం ఏదీ పైకి చదవలేదు. పాత పేరు మీద వేలు పెట్టి, "ఇదా," అని, కొత్తదాని మీద వేలు పెట్టి, "ఇదా?" అంది.

సకిరా అవ్వ నోరు తెరిచి, మూసుకుంది. ఆ రోజు ఆవిడ చేసిన కష్టమైన పని అదే.

రెత్నో కలం అందుకుంది. "దీనికి నేనిచ్చినవి రెండు బు కస్మీ" అంది. "ఒకటి పొట్టలో నిలబడింది. చాల్లే, రెండోది పోనీ." పాత పేరు మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టింది. గీత గీసేటప్పుడు కస్మియాతి కింద అట్ట పట్టుకుంది.

పిల్ల అప్పటికి వరండా చివర్లో జావ గిన్నె అడుగు వేలితో నాకుతోంది. రెత్నో మొదటిసారిగా, "లెగినా" అని పిలిచింది.

"ఏంటమ్మా?" అంది పిల్ల, తల కూడా ఎత్తకుండా, పుట్టినప్పటి నుంచీ అదే పేరున్నట్టు.

రెత్నోకి నవ్వొచ్చింది. కుట్టు లాగుతోందని పొట్ట పట్టుకుని, ఇంకోసారి పిలిచింది. మళ్ళీ "ఏంటమ్మా" అంది పిల్ల. తల్లి దగ్గర చెప్పడానికేమీ లేదు, అయినా పిలుస్తూనే ఉంది.